డ్రాగ్ ఇంజిన్‌లో క్రాంక్‌కేస్ వాక్యూమ్ నిలవాలంటే: సీలింగ్ పనికి సమగ్ర మార్గదర్శి

ఇంజిన్ కింద ఒక్క చుక్క ఆయిల్ లేదు, కవర్ల అంచులన్నీ పొడిగా ఉన్నాయి, కాబట్టి సీలింగ్ బాగుందని అనుకుంటాం. మామూలు బండికి ఆ లెక్క సరిపోతుంది. క్రాంక్‌కేస్‌లోంచి (క్రాంక్ తిరిగే ఇంజిన్ కింది గది) గాలి లాగే వాక్యూమ్ పంప్ బిగించిన డ్రాగ్ రేస్ ఇంజిన్‌కి మాత్రం అది ఏ మాత్రం రుజువు కాదు. అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. గాలి దూరిన చోట మరక పడదు. గేజ్‌లో ముల్లు మాత్రం ఎంత రేజ్ చేసినా పైకి రాదు. ఇంకాస్త పెద్ద పంప్ కొందామా, పుల్లీ మార్చి పంప్‌ని వేగంగా తిప్పుదామా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. నా మాట వింటే, ఆ డబ్బు జేబులోనే ఉంచి ముందు ఇంజిన్‌ని సీల్ చేయండి. లీకుల గాలిని లాగడానికి పంప్‌ని పరిగెత్తిస్తే బెల్టు, పంప్ రెక్కలు అరుగుతాయి, క్రాంక్ మీద భారం పెరుగుతుంది, వాక్యూమ్ మాత్రం అరకొరగానే ఉంటుంది.

ఇక్కడ రాస్తున్నది ప్రధానంగా పుష్‌రాడ్ వీ8 ఇంజిన్‌ని (క్యామ్ బ్లాక్‌లో ఉండి కడ్డీలతో వాల్వ్‌లను తెరిచే, V ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్) దృష్టిలో పెట్టుకుని. డ్రాగ్ రేసింగ్‌లో ఎక్కువగా కనిపించేది అదే. వేరే ఇంజిన్ అయితే భాగాల పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

ఈ వాక్యూమ్ ఎందుకు, ఎంత

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత మంట వాయువు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. దాన్నే బ్లోబై అంటాం. ఆ వాయువును పంప్ లాగేస్తే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి బయటి వాతావరణం కంటే తగ్గుతుంది. రింగుకు పైనా కిందా ఒత్తిడి తేడా పెరిగి రింగు తన గాడిలో నిలకడగా కూర్చుంటుంది. దానివల్ల పలచటి, తక్కువ టెన్షన్ ఉన్న రింగులు వాడుకోవచ్చు, రాపిడి తగ్గుతుంది. కంబషన్ ఛాంబర్‌లోకి ఆయిల్ తక్కువగా చేరుతుంది కాబట్టి డెటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం) భయం కూడా తగ్గుతుంది. క్రాంక్ చుట్టూ గాలి పలచబడి, గాలిలో తేలే ఆయిల్ తుంపరను చీల్చుకుంటూ తిరిగే శ్రమ కూడా కొంత మిగులుతుంది.

వాక్యూమ్‌ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు. ఒక అంగుళం అంటే దాదాపు 3.4 కిలోపాస్కల్, అంటే అర పీఎస్‌ఐ కంటే కొంచెం తక్కువ. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం మొత్తం 29.92 అంగుళాలు. ఎత్తైన ఊళ్లో ఉన్న ట్రాక్ మీద అదే ఇంజిన్, అదే పంప్ కొంచెం తక్కువ చూపించడం సహజం.

లక్ష్యం ముందే పెట్టుకోండి. వెట్ సంప్ ఇంజిన్‌లో (ఆయిల్ అంతా ఇంజిన్ అడుగున పాన్‌లోనే ఉండే రకం) పిస్టన్ పిన్‌కి ఆయిల్ చేరేది చాలావరకు తుంపర ద్వారానే. వాక్యూమ్ మరీ ఎక్కువైతే ఆ తుంపర తగ్గి పిన్ ఎండిపోతుంది, పట్టేస్తుంది. అందుకే పిన్‌కి విడిగా ఆయిల్ అందే ఏర్పాటు లేని వెట్ సంప్ ఇంజిన్లలో 12 నుంచి 15 అంగుళాల దగ్గర ఆపడం మంచి అలవాటు. డ్రై సంప్‌తో (ఆయిల్ విడి ట్యాంకులో ఉండే ఏర్పాటు) పాటు పిన్ ఆయిలర్లు ఉన్న ఇంజిన్లు 20 దాటి కూడా వెళ్తాయి. 15 అంగుళాల వాక్యూమ్‌లో మామూలు ఆయిల్ ప్రెషర్ గేజ్ దాదాపు 7 పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. గేజ్ బయటి వాతావరణంతో పోల్చి కొలుస్తుంది, ఆయిల్ పంప్ మాత్రం క్రాంక్‌కేస్‌లోంచి తోడుకుంటుంది కాబట్టి అలా కనిపిస్తుంది. అది చూసి కంగారుపడొద్దు. కానీ పాన్‌లో ఆయిల్ మీద ఒత్తే గాలి తగ్గిందన్నది నిజమే కాబట్టి పికప్ పైపు (ఆయిల్ పంప్ పీల్చే గొట్టం) సన్నగా ఉన్నా, దాని జాయింటులో చిన్న సందు ఉన్నా ఆయిల్ పంప్ బుడగలు పీల్చే ప్రమాదం పెరుగుతుంది. పాన్ విప్పినప్పుడే పికప్ జాయింటునీ, ఓ-రింగ్‌నీ చూసేయండి.

విప్పాక ముందు శుభ్రం, తర్వాత కొలత

సీలెంట్ పట్టకపోవడానికి పదిలో తొమ్మిది సార్లు కారణం జిడ్డు. పాత గ్యాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయండి. అల్యూమినియం మీద రాపిడి డిస్క్ పెట్టి గ్రైండర్ తిప్పొద్దు. అది ఉపరితలంలో గుంటలు చేస్తుంది, పైగా ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది. ఆఖర్న బ్రేక్ క్లీనర్‌తో గానీ అసిటోన్‌తో గానీ తెల్లటి గుడ్డ పెట్టి తుడవండి. గుడ్డకు మరక అంటనంతవరకూ పని అయిపోనట్టే. బోల్టు రంధ్రాల్లో నిలిచిన ఆయిల్‌ని మర్చిపోతారు చాలామంది. బోల్టు బిగించగానే అది పైకి పొంగి, ఇప్పుడే తుడిచిన అంచుమీద పరుచుకుంటుంది. ఒక్కో రంధ్రంలోకి క్లీనర్ కొట్టి గాలితో ఊదేయండి.

తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ తీయండి. వాల్వ్ కవర్ అంచు, పాన్ అంచు, టైమింగ్ కవర్ ముఖం ఒక్కొక్కటీ చూడండి. రేకు కవర్లు, రేకు పాన్లు అయితే బోల్టు రంధ్రాల చుట్టూ లోపలికి కుంగి ఉంటాయి, ఎవరో ఎప్పుడో గట్టిగా బిగించిన ఫలితం అది. చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో వెనక్కి సరిచేయండి. గ్యాస్కెట్ ఆ ఎగుడుదిగుడులను కప్పేస్తుందన్న నమ్మకం ఆయిల్ ఆపడం వరకే పనికొస్తుంది.

ముందు వైపు: లిప్ సీల్, కీవే, టైమింగ్ కవర్

మామూలు క్రాంక్ సీల్‌ని (షాఫ్ట్ చుట్టూ పలచటి పెదవి, అంటే లిప్, ఆనుకునే రకం) ఆయిల్ బయటికి రాకుండా ఆపడానికి తయారుచేస్తారు. స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి, ఆయిల్ వైపుకి ఉంటుంది. లోపలి ఒత్తిడి ఎక్కువైతే లిప్ షాఫ్ట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వాక్యూమ్ పెట్టగానే ఒత్తిడి తలకిందులవుతుంది. బయటి గాలి లిప్ వెనక నుంచి తోస్తుంది, ఎదురుగాలికి గొడుగు తిరగబడినట్టు లిప్ షాఫ్ట్ మీంచి లేస్తుంది. ఇక్కడ పోయే గాలి తక్కువేమీ కాదు. షాఫ్ట్ చుట్టూ వెంట్రుకంత సందు వచ్చినా మొత్తం చుట్టుకొలత మీద అది పెద్ద రంధ్రంతో సమానం.

దీనికి రెండు దారులున్నాయి. వాక్యూమ్ పంప్ ఇంజిన్ల కోసమే చేసిన, రెండు వైపులా లిప్ ఉన్న సీల్ దొరికితే అదే వేయండి. నా ఓటు దానికే. దొరకకపోతే మామూలు సీల్‌ని తిప్పి, స్ప్రింగ్ బయటికి వచ్చేలా వేయడం పాత పద్ధతి. పని చేస్తుంది. కానీ పంప్ పని చేయనప్పుడు, అంటే స్టార్ట్ చేసే క్షణంలోనో బెల్టు తెగినప్పుడో, ఆ సీల్ పక్కనుంచి ఆయిల్ చెమ్మ వస్తుంది. లిప్ మీద వాలుగా సన్నటి గీతలు ఉన్న సీల్ అయితే తిప్పి వేయకండి. ఆ గీతలు క్రాంక్ తిరిగే దిశను లెక్కలోకి తీసుకుని చేసినవి.

సీల్ బయటి చుట్టు కూడా లీకు దారే. కవర్‌లోకి దించే ముందు ఆ చుట్టుకు పలచటి సీలెంట్ పూత చాలు. డ్యాంపర్ హబ్ (క్రాంక్ ముందు చివరకు ఎక్కే డ్యాంపర్ చక్రం మధ్య భాగం) మీద పాత సీల్ గీసిన గాడి ఉందేమో గోరుతో గీకి చూడండి. గోరు తట్టుకుంటే స్లీవ్ (హబ్ మీద ఎక్కే పలచటి లోహపు తొడుగు) వేయించాలి. ఎంత మంచి సీల్ అయినా ఆ గాడి మీద నిలవదు.

ఇక కీవే. డ్యాంపర్ హబ్ కింద క్రాంక్ ముక్కు మీద ఉన్న గాడి సీల్ కింద నుంచి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి వెళ్లే సొరంగం. సీల్ హబ్ మీద కూర్చుంటుంది గానీ హబ్‌కీ క్రాంక్‌కీ మధ్య ఉన్న ఈ దారిని ఆపదు. హబ్ ఎక్కించేటప్పుడు దాని లోపలి కీవే గాడిలో, బయటి చివర దగ్గర కొంచెం ఆర్‌టీవీ సిలికాన్ (మామూలు వేడిలోనే గట్టిపడే సీలెంట్) పెట్టండి. డ్యాంపర్ బోల్టు వాషర్ కింద కూడా పలచగా రాయండి. రెండు నిమిషాల పని. కొత్త సీల్ వేసినా ముందు వైపు గాలి పీలుస్తోందని తల పట్టుకునేవాళ్లలో చాలామంది వదిలేసింది ఇదే.

టైమింగ్ కవర్ బిగించేటప్పుడు సీల్ మధ్యకు వచ్చిందో లేదో చూడాలి. కవర్‌కి డోవెల్ పిన్నులు (స్థానం కుదిర్చే పిన్నులు) లేకపోతే బోల్టులు వదులుగా ఉంచి, హబ్‌ని సీల్‌లోకి దించి, కవర్ తనంతట తాను మధ్యకు జరిగాక అప్పుడు బిగించండి. పక్కకు జరిగి ఉంటే లిప్ ఒక వైపు నలుగుతుంది, రెండో వైపు ఊరికే తాకుతుంది. క్యామ్‌ని తిప్పే బెల్ట్ డ్రైవ్ బయట ఉన్న ఇంజిన్లకు క్యామ్ సీల్ అదనం. దానికీ పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి.

వెనక వైపు

రెండు ముక్కల రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక చివర సీల్) అయితే దాని చివరలు బేరింగ్ క్యాప్ కలిసే గీత దగ్గరే పడకుండా ఒక పక్కకు 10 మిల్లీమీటర్లు తిప్పి పెట్టండి. చివరలు కలిసే చోట ఆవగింజంత సీలెంట్. క్యాప్, బ్లాక్ కలిసే ముఖం మీద, సీల్ పక్కనే, అనెరోబిక్ సీలెంట్ (గాలి తగలని చోట గట్టిపడే రకం) పలచటి పూత. ఇక్కడ సిలికాన్ వాడితే అది దళసరిగా నిలిచి క్యాప్‌ని పైకి ఎత్తుతుంది, బేరింగ్ క్లియరెన్స్ మారుతుంది. క్యాప్ పక్క గాడుల్లో సీల్స్ ఉండే ఇంజిన్లలో వాటిని కూడా సీలెంట్‌తోనే దించాలి.

ఒకే ముక్క సీల్ వేసేటప్పుడు లిప్‌కి ఆయిల్ రాయాలా, పొడిగా వేయాలా అన్నది సీల్ పదార్థాన్ని బట్టి ఉంటుంది. టెఫ్లాన్ లిప్ సీళ్లను సాధారణంగా పొడిగా వేస్తారు, రబ్బరు లిప్‌కి ఆయిల్ రాస్తారు. ప్యాకెట్‌లో వచ్చే కాగితం చదవండి.

ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ వెనక గేర్‌బాక్స్ వైపు బిగించే పలక) బోల్టుల రంధ్రాలు కొన్ని క్రాంకుల్లో ఆరపార ఉంటాయి, అంటే బోల్టు మర క్రాంక్‌కేస్‌లోకి తెరుచుకుంటుంది. ఆ బోల్టులకు థ్రెడ్ సీలెంట్ తప్పనిసరి. బ్లాక్ వెనక ఉండే క్యామ్ ప్లగ్ అంచు కూడా సీలెంట్‌తో దించిందేనా అని చూడండి. గేర్‌బాక్స్ బిగించాక దాన్ని చూడాలంటే మళ్లీ అంతా దించాలి.

ఆయిల్ పాన్

పాన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కార్క్ గ్యాస్కెట్ వద్దు. లోపల ఉక్కు రేకు ఉండి బయట రబ్బరు పోతపోసిన ఒకే ముక్క గ్యాస్కెట్ వేయండి. టైమింగ్ కవర్, బ్లాక్, పాన్ మూడూ కలిసే మూలలు ముందు రెండు, వెనక బేరింగ్ క్యాప్, బ్లాక్, పాన్ కలిసే మూలలు రెండు ఉంటాయి. ఆ నాలుగు మూలల్లో మాత్రం సిలికాన్ బొట్టు పెట్టండి, గ్యాస్కెట్ అంతా పూయొద్దు. బోల్టుల బదులు స్టడ్లు వేస్తే గ్యాస్కెట్ జరగకుండా కూర్చుంటుంది. మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించండి.

ఇంటేక్ మానిఫోల్డ్: బయట నుంచి వినపడని లీకు

తీరిగ్గా చేయాల్సిన పని ఇది. ఇక్కడ రెండు వేర్వేరు లీకులున్నాయి.

మొదటిది బ్లాక్ ముందు, వెనక అంచుల మీద, మానిఫోల్డ్‌కీ బ్లాక్‌కీ మధ్య సందు. గ్యాస్కెట్ సెట్‌తో వచ్చే కార్క్ లేదా రబ్బరు ముక్కలను పక్కన పడేయండి. అవి జారతాయి, వాక్యూమ్ వాటిని లోపలికి లాగేస్తుంది. వాటి బదులు సిలికాన్ కట్ట వేయాలి. ముందు మానిఫోల్డ్‌ని పోర్టు గ్యాస్కెట్లతో పొడిగా కూర్చోబెట్టి ఈ సందు ఎంతుందో కొలవండి. కట్ట ఎత్తు సందు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. సందు మరీ పెద్దదైతే, ఆరిన సిలికాన్ మెత్తగా ఉంటుంది కాబట్టి, 15 అంగుళాల దగ్గర అది లోపలికి వంగుతుంది. అలాంటి చోట స్పేసర్ పట్టీ వేయడం మేలు. కట్టకు పట్టు దొరకాలంటే బ్లాక్ అంచు మీదా మానిఫోల్డ్ కింది అంచు మీదా సెంటర్ పంచ్‌తో దగ్గర దగ్గరగా చుక్కలు కొట్టండి. మరీ చదునుగా నున్నగా ఉన్న లోహం మీద సిలికాన్ జారుతుంది, చుక్కల్లోకి దిగితే నిలుస్తుంది.

మానిఫోల్డ్‌ని నిటారుగా కిందికి దించండి. అటూ ఇటూ జరిపితే కట్ట మడతపడి మధ్యలో సొరంగం మిగులుతుంది, పైకి మాత్రం అంతా నిండినట్టే కనిపిస్తుంది. స్టడ్లను గైడ్లుగా నిలబెట్టుకుంటే ఒక్కరే అయినా సరిగ్గా దించవచ్చు. బిగించాక ఒక రోజంతా వదిలేయండి. పూర్తిగా ఆరడానికి 24 గంటలు.

రెండోది అసలు దొంగ. డ్రాగ్ రేసులో థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉంటుంది. అప్పుడు ఇంటేక్ పోర్టులో ఒత్తిడి దాదాపు బయటి వాతావరణమంత ఉంటుంది, పోర్టు గోడ అవతల లిఫ్టర్ లోయలో (మానిఫోల్డ్ కింద, క్రాంక్‌కేస్‌తో కలిసి ఉండే గది) 15 అంగుళాల వాక్యూమ్ ఉంటుంది. పోర్టు గ్యాస్కెట్ కింది అంచు కొంచెం వదులైనా ఇంధనం కలిసిన గాలి అక్కడి నుంచి క్రాంక్‌కేస్‌లోకి పోతుంది. టర్బో గానీ సూపర్‌ఛార్జర్ గానీ ఉంటే చెప్పనక్కర్లేదు, బూస్ట్ కూడా తోడై ఇంకా గట్టిగా తోస్తుంది. బయట బుస్ అన్న చప్పుడు రాదు, ఏ కవర్ చుట్టూ వెతికినా దొరకదు. ఆయిల్‌లో పెట్రోలు లేదా మెథనాల్ వాసన, క్యాచ్ ట్యాంకులో (పంప్ వదిలే ఆయిల్ తుంపర పట్టే ట్యాంకు) ఇంధనం, ఒక సిలిండర్ ప్లగ్ మిగతావాటికంటే తెల్లగా ఉండటం దీని గుర్తులు.

హెడ్లనో బ్లాక్ డెక్‌నో మిల్ చేయించిన (ముఖం చెక్కించి చదును చేయించిన) ఇంజిన్లలో మానిఫోల్డ్ కోణం, ఎత్తు సరిపోక ఇలా జరుగుతుంది. గ్యాస్కెట్ లేకుండా మానిఫోల్డ్ దించి, నాలుగు మూలల్లో పోర్టు ముఖానికి పైనా కిందా ఫీలర్ గేజ్ పెట్టండి. పైన దూరే మందం కిందా అంతే దూరాలి. తేడా వస్తే మానిఫోల్డ్‌ని మెషిన్ షాపుకి పంపాల్సిందే, దళసరి గ్యాస్కెట్‌తో సర్దుకుపోవడం కుదరదు. పోర్టుల చుట్టూ ఆర్‌టీవీ పూసి సర్దే ప్రయత్నం కూడా వద్దు. పెట్రోలు తగిలితే సిలికాన్ ఉబ్బి ఊడుతుంది. గ్యాస్కెట్‌కి హెడ్ వైపు అంటించడానికి ఇంధనాన్ని తట్టుకునే గ్యాస్కెట్ జిగురే వాడండి.

ఇదే కోవలోకి మరికొన్ని వస్తాయి. కొన్ని హెడ్లలో రాకర్ స్టడ్ మర నేరుగా ఇంటేక్ పోర్టులోకి దిగుతుంది. స్టడ్ విప్పి రంధ్రంలో లైటు వేసి పోర్టులోంచి చూస్తే వెలుగు కనపడుతుంది. అలాంటి స్టడ్లకు మర నిండా థ్రెడ్ సీలెంట్ రాయాలి. లిఫ్టర్ లోయలోకి తెరుచుకునే ఇంటేక్ బోల్టు రంధ్రాలకూ అంతే. వాల్వ్ గైడ్లు అరిగి ఉంటే, గైడ్ సీళ్లు లేకపోతే, వాటిలోంచి పోర్టు గాలి వాల్వ్ కవర్ కిందికి వస్తుంది. ఎగ్జాస్ట్ గైడ్లకు సీళ్లు దండగ అని వదిలేసేవాళ్లున్నారు, వాక్యూమ్ ఇంజిన్‌లో వదలొద్దు. వాటర్ జాకెట్‌లోకి దిగే హెడ్ బోల్టులకు సీలెంట్ లేకపోతే కూలెంట్ కూడా ఆయిల్‌లోకి పోతుంది. ఆయిల్ పాలలా మారింది కదా అని హెడ్ గ్యాస్కెట్‌ని నిందించే ముందు ఆ బోల్టులు చూడండి.

వాల్వ్ కవర్లు

ఒక చిన్న లెక్క. కవర్ 45 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. 15 అంగుళాల వాక్యూమ్‌లో ప్రతి చదరపు సెంటీమీటర్ మీదా 5 న్యూటన్లకు పైగా బలం పడుతుంది. మొత్తం మీద అది దాదాపు 350 కిలోల బరువు. పలచటి రేకు కవర్ దానికి లోపలికి కుంగుతుంది, అంచు మెలి తిరుగుతుంది, ఒక్కోసారి రాకర్‌కి తగులుతుంది కూడా. అందుకే దళసరి అంచున్న పోత కవర్లు లేదా మందపాటి అల్యూమినియం రేకుతో వెల్డ్ చేసినవి వాడాలి. అంచులో గాడి చెక్కి ఓ-రింగ్ తాడు పెట్టిన కవర్ అయితే మరీ మంచిది, పదిసార్లు విప్పినా మళ్లీ సీల్ అవుతుంది. వాల్వ్ క్లియరెన్స్ చూడటానికి రేసు రేసుకీ విప్పే కవర్ కాబట్టి ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

మామూలు గ్యాస్కెట్ అయితే కవర్ వైపు జిగురుతో అంటించి, హెడ్ వైపు పలచగా గ్రీజు రాయండి. వాక్యూమ్ గ్యాస్కెట్‌ని లోపలికి లాగకుండా జిగురు పట్టుకుంటుంది, విప్పేటప్పుడు చిరగకుండా గ్రీజు కాపాడుతుంది.

చిల్లర దారులు

ఇవి ఒక్కొక్కటీ చిన్నవే, అన్నీ కలిస్తే పంప్‌ని ఓడిస్తాయి. డిస్ట్రిబ్యూటర్ కింద గ్యాస్కెట్, ఓ-రింగ్ కొత్తవి వేయండి. షాఫ్ట్ బుష్ అరిగితే గాలి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపలి నుంచే కిందికి పోతుంది, కాబట్టి షాఫ్ట్‌ని పక్కకు ఊపి చూడండి. డిప్‌స్టిక్ గొట్టానికి ఓ-రింగ్ ఉన్న బిరడా కావాలి, లేదంటే గొట్టం తీసేసి రంధ్రానికి ప్లగ్ బిగించండి. ఫిల్లర్ మూత మర మూత అయి ఉండాలి. పాత బ్రీదర్లు, పీసీవీ (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంటేక్‌కి పంపే వాల్వ్) రంధ్రాలు ఒక్కటి కూడా తెరిచి ఉండకూడదు. మెకానికల్ ఫ్యూయల్ పంప్ తీసేసిన చోట మూతకు గ్యాస్కెట్ ఉందా? కొన్ని ఇంజిన్లలో దాని పక్కన, పంప్ పుష్‌రాడ్ రంధ్రంలోకి దిగే బోల్టు మర క్రాంక్‌కేస్‌లోకే తెరుచుకుంటుందని చాలామందికి తెలియదు. సెన్సర్లకు, టేపర్ ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు కాకుండా పేస్టు వాడండి, టేపు పోగులు ఆయిల్ దారుల్లో చేరతాయి. ఏఎన్ ఫిట్టింగుల (రేస్ హోస్‌లకు వాడే జాయింట్లు) వాలు ముఖానికి ఏమీ రాయక్కర్లేదు.

పంప్, హోస్, రెగ్యులేటర్, రిలీఫ్ వాల్వ్

లాగే పాయింటు ఒక వాల్వ్ కవర్ మీద, ఆయిల్ చిమ్మే రాకర్లకు దూరంగా, లోపల అడ్డుపలక పెట్టి ఉండాలి. రెగ్యులేటర్ (వాక్యూమ్ లక్ష్యం దాటబోతే కొంచెం గాలిని లోపలికి వదిలే వాల్వ్) రెండో కవర్ మీద. హోస్ వాక్యూమ్‌కి ముడుచుకుపోని రకం కావాలి. హీటర్ హోస్ వేడెక్కగానే చప్పబడుతుంది, గేజ్ దాన్ని లీకులాగే చూపిస్తుంది. పంప్ వదిలే గాలితో పాటు ఆయిల్ తుంపర వస్తుంది కాబట్టి చివర గట్టిగా బిగించిన క్యాచ్ ట్యాంకు పెట్టండి. దాని బ్రీదర్ మూసుకుపోతే పంప్ లాగలేదు.

అన్ని రంధ్రాలూ మూసిన ఇంజిన్‌కి ఊపిరి దారి పంప్ ఒక్కటే. పరుగు మధ్యలో బెల్టు తెగిందనుకోండి. బ్లోబై పోవడానికి దారి లేదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. తిప్పి వేసిన ముందు సీల్ అయితే ముందుగా అదే లొంగుతుంది, ఆయిల్ నేరుగా టైర్ల ముందు పడుతుంది. కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే బయటికి తెరుచుకుని, వాక్యూమ్ ఉన్నప్పుడు మూసుకుపోయే వన్‌వే రిలీఫ్ వాల్వ్ ఒకటి కవర్ మీద ఉండి తీరాలి. దాని అవుట్‌లెట్ కూడా క్యాచ్ ట్యాంకులోకే. సీలింగ్ ఎంత బాగా చేస్తే ఇది అంత అవసరం.

స్టార్ట్ చేయకముందే పరీక్ష

ప్లగ్‌లు బిగించి, రెగ్యులేటర్‌ని మూసేసి, ఒక కవర్ మీద గేజ్ పెట్టండి. వాక్యూమ్ కోసం పంప్ బెల్టు తీసి పంప్‌ని డ్రిల్లుతో తిప్పవచ్చు. కంప్రెసర్ గాలి ధారతో వాక్యూమ్ పుట్టించే ఎజెక్టర్ ఉంటే ఇంకా మంచిది, అందులో నిప్పురవ్వ ఉండదు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో ఐదారు అంగుళాలు వస్తాయి గానీ, ఇంధనం చూసిన ఇంజిన్‌కి అది పెట్టొద్దు. ఆవిరి దాని మోటారు బ్రష్‌ల మీంచి పోతుంది, మంటలు లేచే ప్రమాదం ఉంది. డ్రిల్లు మోటారులోనూ రవ్వలు పుడతాయి, కాబట్టి ఇంధనం చూసిన ఇంజిన్ అయితే పంప్ వదిలే గాలిని పొడవాటి హోస్‌తో దూరంగా పంపండి.

వాక్యూమ్ నిలబడ్డాక ప్రతి అంచు మీదా షేవింగ్ ఫోమ్ గీత పెట్టండి. లీకు ఉన్న చోట నురగ లోపలికి లాక్కుపోయి గుంట పడుతుంది. ముందు సీల్ దగ్గర, డిస్ట్రిబ్యూటర్ చుట్టూ సన్నటి రబ్బరు గొట్టం చివర చెవికి పెట్టుకుని వినండి. తర్వాత థ్రాటిల్ పూర్తిగా తెరిచి గొట్టాన్ని ఇంటేక్ నోట్లో పెట్టండి. అక్కడ బుస్ వినిపిస్తే పోర్టు గ్యాస్కెట్, రాకర్ స్టడ్, గైడ్, రింగులు వీటిలో ఏదో ఒకటి. క్రాంక్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ వినండి. తెరిచి ఉన్న వాల్వ్‌లు మారినప్పుడల్లా చప్పుడు మారితే గాలి రింగుల మీంచి వస్తోంది, అది కొంత సహజం. క్రాంక్ ఎక్కడున్నా ఒకేలా ఉంటే మానిఫోల్డ్ వైపు అనుమానించండి.

రెండు మూడు పీఎస్‌ఐ గాలి ఎక్కించి సబ్బు నీళ్లు కొట్టే పద్ధతి కూడా ఉంది. గ్యాస్కెట్లకు, ఫిట్టింగులకు అది బాగా పనికొస్తుంది. లిప్ సీళ్ల విషయంలో మాత్రం అది అబద్ధం చెప్తుంది. మామూలుగా వేసిన సీల్ ఒత్తిడికి గట్టిగా మూసుకుంటుంది, వాక్యూమ్‌లో తెరుచుకుంటుంది. తిప్పి వేసిన సీల్ ఒత్తిడి పరీక్షలో బుడగలు కక్కుతుంది, నిజానికి అది బాగానే ఉంటుంది. అందుకని సీళ్లను వాక్యూమ్‌తోనే పరీక్షించండి. కంప్రెసర్ హోస్‌ని ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ లేకుండా నేరుగా పెడితే సీళ్లు ఎగిరి బయటపడతాయి.

నడుస్తున్న ఇంజిన్ మీద లీకు కోసం కార్బ్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ కొట్టే అలవాటు ఇక్కడ మానుకోండి. అది లోపలికి పీల్చుకుపోయి క్రాంక్‌కేస్‌లో మండే ఆవిరిగా నిలుస్తుంది.

ట్రాక్ మీద గేజ్ ఏం చెబుతుంది

క్రాంక్‌కేస్‌కి ఒక 1 బార్ మ్యాప్ సెన్సర్ (పీడనం కొలిచేది) పెట్టి డేటా లాగర్‌కి కలిపితే చాలు, ముల్లు చూస్తూ కూర్చునే పని ఉండదు. ఐడిల్‌లోనే తక్కువగా ఉండి, రేజ్ చేసినా పెద్దగా ఎక్కకపోతే ఇంకా లీకు ఉంది. లోడ్ లేకుండా రేజ్ చేస్తే బాగా ఎక్కి, పరుగులో లోడ్ పడగానే పడిపోతే అది లీకు కాదు, బ్లోబై. రింగులు, బోర్ చూడాలి, లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత పోతోందో చూడటం) చేయాలి. ఎక్కి ఒక అంకె దగ్గర గీత గీసినట్టు నిలిస్తే రెగ్యులేటర్ తన పని తాను చేస్తోంది. పరుగు మధ్యలో ఒక్కసారిగా మెట్టు దిగినట్టు పడిపోయి అక్కడే ఉంటే గ్యాస్కెట్ లోపలికి పోయి ఉంటుంది, లేదా బెల్టు జారి ఉంటుంది. పరుగు చివర ఫినిష్ గీత దగ్గర థ్రాటిల్ వదిలిన క్షణంలో వాక్యూమ్ ఎగబాకడం మామూలే. బ్లోబై ఆగింది, పంప్ ఇంకా వేగంగానే తిరుగుతోంది. ఆ క్షణంలో లక్ష్యం దాటి మూడు నాలుగు అంగుళాలు పోతుంటే రెగ్యులేటర్ చిన్నది అని అర్థం. పిన్లకు నష్టం జరిగేది అక్కడే, రెండోది కలపండి.

పరుగు పరుగుకీ కొంచెం కొంచెంగా తగ్గుతుంటే కవర్లు విప్పకముందు పంప్‌ని చూడండి. రెక్కలు అరిగినా, క్యాచ్ ట్యాంకు బ్రీదర్ ఆయిల్‌తో నిండినా గ్రాఫ్ అలాగే వాలుతుంది. క్యాచ్ ట్యాంకులో పడిందాన్ని ప్రతి పరుగు తర్వాత పారదర్శకమైన సీసాలోకి వంపండి. ఆయిల్ పెరుగుతుంటే లాగే పాయింటు దగ్గర అడ్డుపలక సరిపోవడం లేదు. నీళ్లు చల్లటి ఇంజిన్‌లో ఆవిరి చల్లబడినవి కావచ్చు, కూలెంట్ రంగు కనిపిస్తే హెడ్ బోల్టులు. ఇంధనం వాసన కొడితే మళ్లీ మానిఫోల్డ్ దగ్గరికే వెళ్లాలి.